మామ లారీలో సాంబ్రాణి

మొన్న మా తమ్ముడి కూతురు కొత్త కారు కొని, ముందుగా మేనత్తనే ఎక్కించుకుని తిప్పాలని ముచ్చటపడి మా ఇంటికి వచ్చింది. దానికి భాల్కీలో బ్యాంకు ఉద్యోగం. రోజూ బీదరు నుంచి పోయిరావాలి, బస్సుల్లో నిలబడి నిలబడి విసిగిపోయి చివరికి ఈ కారు కొనుక్కుంది. నేను ముందు సీట్లో కూర్చుని తలుపు వేసుకున్నానో లేదో గుప్పుమని మల్లెపూల వాసన కొట్టింది. దాని తల్లోనూ లేవు, నా తల్లోనూ లేవు, ఈ మల్లెలు ఎక్కడివా అని చూస్తే ఎదురుగా అద్దం కింద చిన్న సీసా ఒకటి వేలాడుతోంది. కిటికీ అద్దాలన్నీ బిగించి ఉన్నాయి, ఏసీ సన్నగా మోగుతోంది. నాకేమయిందో ఏమో, ఆ సీసా చప్పున లాగేసి, నా వైపు అద్దం దించి, ముక్కు ఎగబీల్చి వాసన చూడటం మొదలుపెట్టాను. "ఏందత్తా, కొత్త కారుకే వంకలు వెడ్తవా!" అని అది పకపకా నవ్వింది. వంకలు కాదే తల్లీ అని చెప్పబోయి ఊరుకున్నాను. చెప్పాలంటే మైసూరు రాష్ట్రం రోజుల నుంచి మొదలుపెట్టాలి, అది గేరు మార్చేలోపల అయిపోయే కథ కాదు.

మా రాష్ట్రానికి అప్పటికింకా కర్ణాటక అన్న పేరు రాలేదు. నాకు ధన్నూర బడిలో కొత్తగా టీచరు ఉద్యోగం వచ్చింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, బజారుకెళితే ఉర్దూ, ఎవరైనా కమలనగర్ వైపు చుట్టాలొస్తే మరాఠీ; ఇదంతా మన తరం బీదరు వాళ్లకు విశేషం కాదు, ఇప్పటి పిల్లలకు చెప్తే వింతగా చూస్తారు. ఉద్యోగం వచ్చినందుకు మా అమ్మ మురిసిపోయింది గాని, పెళ్లికాని పిల్ల రోజూ రోడ్డున పడి అంత దూరం పోవడమేమిటని మా నాయన ఒప్పుకోలేదు. పైగా పొద్దున బస్సు ధన్నూర చేరేసరికి బడిలో ప్రార్థన అయిపోయి పాఠాలు మొదలయ్యేవి. అప్పుడు అడ్డుపడి నా ఉద్యోగం నిలబెట్టినవాడు మా పక్కింట్లోనే ఉండే మేనమామ. మామ బీదరు ధాన్యం బజారు గాంధీ గంజ్‌లో ఒక సావుకారు దగ్గర లారీ డ్రైవరు. తెల్లవారగానే ఉప్పు, బెల్లం, గ్యాసునూనె అనే కిరసనాయిలు వేసుకుని కమలనగర్ దాకా పోయి, దారిలోని ఊళ్లలో కందులు, శనగలు, జొన్నలు ఎత్తుకుని పొద్దుగూకేసరికి గంజ్‌కు తిరిగి వచ్చేవాడు. పొద్దున నన్ను ధన్నూరలో దించేది మామ, సాయంత్రం వచ్చేది బస్సులో. మామ చేతిలో స్టీరింగు ఉంటుంది కాబట్టే నాయన సరేనన్నాడు, లేకుంటే నా చదువంతా పొయ్యి ముందర కూర్చునేది.

ఆ లారీ సంగతి చెప్పకపోతే మామ సంగతి చెప్పినట్టు కాదు. యుద్ధం నాటి పాత పెట్రోలు లారీ, పొడుగాటి మూతి, చెక్కతో కట్టిన క్యాబిను, ముందర హ్యాండిలు పెట్టి తిప్పితే గాని లేచేది కాదు. సావుకారు బండే అయినా మామకు మాత్రం అది సొంత బిడ్డే, ఎవరైనా డొక్కు బండి అంటే ఆ రోజంతా వాళ్లతో మాట్లాడేవాడు కాదు. మా అత్త కూడా తక్కువది కాదు. పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దీపం పెట్టి, నిప్పుల మీద సాంబ్రాణి చల్లిన ధూపం పట్టుకుని బయటికి వచ్చి, బండి చుట్టూ తిప్పి, తర్వాత క్యాబినులో పెట్టి రెండు తలుపులూ మూసేది. పొగ బాగా పట్టినాక తీసేది. అప్పుడు గాని మామ ఎక్కడానికి వీల్లేదు. సీటు మీద పాత చీరలతో తను కుట్టిన బొంత, చలికాలం వస్తే కింద నుంచి కాళ్లకు ఈదురుగాలి కొడుతోందని గేరు రాడ్డు చుట్టూ మడత పెట్టి పరిచిన గొంగడి. మేము ఎక్కి కూర్చుంటే గుడిలో కూర్చున్నట్టే ఉండేది. బడికి చేరినాక కూడా నా చీర కొంగులోంచి ఆ సాంబ్రాణి వాసన పోయేది కాదు, పిల్లలు నన్ను ఊదుబత్తి టీచరమ్మ అనుకునేవారని తర్వాత ఎప్పుడో తెలిసింది.

ఆ ఏడు చలికాలం మామ మారిపోయాడు. ధన్నూరలో నన్ను దించేటప్పుడే కళ్లు ఎర్రగా ఉండేవి, తలుపు పట్టుకుని కాసేపు నిలబడేవాడు. నాకూ బడిలో మొదటి గంటలో తల పగిలిపోయేది, బోర్డు మీద నేను రాసిన అక్షరాలు నాకే కదిలినట్టుండేవి. పొద్దున చాయ్ సరిగా తాగక అనుకునేదాన్ని. నాది కొంచెం దూరమే, మామది రోజంతా ఆ క్యాబినులోనే బతుకు. సాయంత్రం గంజ్‌లో బండి ఆపినాక హమాలీలు బస్తాలు దించుతుంటే, పక్కన ఒక బస్తా మీద తల చేతుల్లో పెట్టుకుని కూలబడేవాడట. ఒకరోజు బండి వెనక్కి తీస్తూ శనగల బస్తాల దొంతర మీదికి పోనిచ్చాడు. బస్తాలు పగిలి శనగలు గంజ్ అంతా దొర్లాయి. సావుకారు దగ్గర లెక్కలు రాసే మునీం ఒకడు ఉండేవాడు, మామంటే మొదటి నుంచీ గిట్టదు ఆయనకు. నలుగురిలో నిలబడి చేతులూపుతూ, డ్రైవరు తాగి నడుపుతుండు అని ఒక మాట అనేశాడు. అంతే, ఆ మాట ఇంటింటికీ పాకింది. సావుకారు మంచివాడే గాని, ఇంకొక్కసారి ఇట్లా అయితే తాళం చెవి పెట్టేసి పోవాల్సిందే అని మామతో చెప్పేశాడు.

మామ జన్మలో సారా ముట్టినవాడు కాదు. ముట్టకపోవడానికి కారణం అత్తే. అత్త నాయన తాగి తాగి పొలం పోగొట్టి, చివరికి రోడ్డు పక్కన పడి చనిపోయాడు. పెళ్లయిన కొత్తలోనే అత్త మామ చెయ్యి తన నెత్తి మీద పెట్టించుకుని ఒట్టు వేయించుకుంది. అందుకే గంజ్ మాట చెవిన పడగానే ఆమె గుండె జారిపోయింది. అప్పటి నుంచి సాయంత్రం మామ ఇల్లు చేరగానే, కాళ్లకు నీళ్లు ఇవ్వకముందే, గడపలో నిలబెట్టి, "ఏదీ, నోరు తెర్వు" అని వాసన చూసేది. నోట్లో పాన్, పాన్‌లో ఏలకులు. ఆ ఏలకులెందుకు, ఏం దాయడానికి అని మళ్లీ అదొక అనుమానం. ఇన్నేళ్లూ గౌరవంగా బతికిన మనిషి, సొంత ఇంటి గడపలో చిన్నపిల్లవాడిలా నోరు తెరిచి నిలబడటం ఎట్లా ఉంటుందో ఆలోచించండి. మామ రెండు మూడు రోజులు ఓర్చుకున్నాడు, తర్వాత అత్తతో మాట్లాడటం మానేశాడు. అన్నం పెట్టమని నాతో చెప్పేవాడు, ఆమె కూర ఏం కావాల్నో నన్ను అడగమనేది. నాకు ఏడుపొచ్చేది. నేను రోజూ పక్కనే కూర్చుంటున్నాను, మామ తాగలేదు అని ఎంత మొత్తుకున్నా నా మాట వినేదెవరు? మేనకోడలు మామ వైపు మాట్లాడక ఎవరివైపు మాట్లాడుతుంది అన్నారు. మా నాయన ఇంకో అడుగు ముందుకు వేసి, తాగుబోతు పక్కన కూర్చుని పోయే ఉద్యోగం అక్కర్లేదు, రాజీనామా రాసియ్యి అని కూర్చున్నాడు. మామ తాళం చెవి, అత్త నమ్మకం, నా ఉద్యోగం, అన్నీ ఆ పాత లారీలోనే చిక్కుకుపోయాయి.

అయితే అత్తకు ఇంకో మూల ఒక ఆశ ఉండేది. తాగలేదేమో, ఎవరిదైనా దిష్టి తగిలిందేమో అని. దాంతో క్యాబినులో సాంబ్రాణి ఇంకా దట్టంగా వేసేది, నిమ్మకాయలు కట్టేది, చలిగాలి తగిలి తలనొప్పి వస్తోందేమోనని గొంగడి ఇంకో మడత వేసేది, అద్దాలు దించవద్దని నాకు మరీమరీ చెప్పేది. మామకు మాత్రం రోజురోజుకూ తల తిరగడం ఎక్కువవుతూనే ఉంది.

అట్లా ఉండగా కమలనగర్‌లో మామ పాలివాళ్లలో ఒక పెద్దాయన పోయాడని కబురొచ్చింది. మీకు తెలుసు కదా, పాలోళ్లలో చావైతే కర్మ అయ్యేదాకా ఇంట్లో మైల. దేవుడికి దీపం లేదు, ధూపం లేదు, బొట్టు కూడా సరిగా పెట్టుకోరు. అత్త సాంబ్రాణి పొట్లం అటక మీద పెట్టేసింది. మర్నాడు పొద్దున పరామర్శకు తనూ లారీలోనే వస్తానంది. తోడుగా నేనూ ఆ రోజు బడికి సెలవు పెట్టాను. మామూలుగా అయితే లారీ ఎక్కేది కాదు, ఇంట్లో పని ఎవరు చేస్తారనేది. ఆ రోజు మాత్రం పరామర్శతో పాటు, మామ దారిలో ఎక్కడ ఆపుతాడో, ఏ కొట్టు ముందర దిగుతాడో కళ్లారా చూడాలని కూడా ఉందని నాకు ఆమె ముఖంలోనే కనిపించింది. మామకూ తెలిసే ఉంటుంది. పోయి హ్యాండిలు తిప్పుకున్నాడు.

మధ్యలో అత్త, కిటికీ పక్కన నేను. అద్దాలు మూసే ఉన్నాయి. ఊరు దాటి కొంచెం దూరం పోయామో లేదో అత్త ముక్కు ముడుచుకుంది. "ఏందే పిల్లా ఈ వాసన?" అంది నాతో. నాకూ అప్పుడే తెలిసింది, ఇన్నాళ్లూ సాంబ్రాణి తప్ప ఇంకో వాసన ఎరగని ఆ క్యాబినులో, కాలిన నూనెలాగా, మాడిన రేకులాగా, ఏదో సన్నటి పొగ వాసన. ఇంకొంత దూరం పోయేసరికి అత్త నుదురు పట్టుకుంది, తర్వాత నా భుజం పట్టుకుంది, ఆపమంటూ చెయ్యి ఊపింది. మామ బండి పక్కకు తీశాడు. దిగీ దిగకముందే వాంతి చేసుకుంది. రోడ్డు పక్కన ఒక రాయి మీద కూలబడి, తల రెండు చేతుల్లో పెట్టుకుంది. గంజ్‌లో బస్తా మీద మామ ఎట్లా కూర్చునేవాడని జనం చెప్పుకున్నారో, అచ్చంగా అట్లాగే. కాసేపటికి తల ఎత్తి మామ వైపు చూసింది. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి.

"నాకు తల తిరుగుతాంది," అంది. "నేనేం తాగిన?"

మామ నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉన్నాడు. చాలా రోజుల తర్వాత ఆమెతో నేరుగా మాట్లాడాడు. "గదే మాట నేను చెప్తె నమ్మితివా?" అన్నాడు. ఆ గొంతు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. కోపమైతే బాగుండేది, అందులో కోపం కూడా లేదు.

పరామర్శ అయి, అద్దాలన్నీ దించుకుని, చలికి వణుకుతూ ఇల్లు చేరాం. మర్నాడు మా బడికి సెలవు. పొద్దున్నే అత్త మమ్మల్నిద్దరినీ వెంటబెట్టుకుని గంజ్ వెనక బండ్లు బాగుచేసే మిస్త్రీ భాయి షెడ్డుకు లారీ తీయించింది. మామ క్లీనరుగా ఉన్నప్పటి నుంచీ స్నేహితుడు ఆ మిస్త్రీ. మొదట వెనక గొట్టం పొగే తిరిగి లోపలికి వస్తోందేమో అనుకుని, గొట్టానికి ఒక రేకు ముక్క తొడిగి పొడుగు చేసి చూశాడు, వాసన పోలేదు. తర్వాత ఇంజను చల్లగా ఉన్నప్పుడు బానెట్టు ఎత్తి, బండి లేపించి, గొట్టం వెంబడి అరచెయ్యి పోనిస్తూ వచ్చాడు. ఇంజనుకు గొట్టం కలిసే అతుకు దగ్గర ఆగాడు. ప్యాకింగు కాలిపోయి, చుట్టూ మసి, చేతికి ఉఫ్ ఉఫ్ మని వేడి ఊపిరి తగులుతోంది. "దొంగ దొరికిండు," అన్నాడు మిస్త్రీ. కాని దొంగ బయట ఉన్నాడు, ఇంట్లోకి ఏ కన్నంలోంచి వస్తున్నాడో తెలియాలి కదా. చెక్క క్యాబిను, అడుగున వంద సందులు. ఒకటి మూస్తే ఇంకోటి తెరుచుకుని ఉంటుంది.

అప్పుడు అత్త అంది, పొగ ఎటు పోతుందో పొగనే అడగాలని. మా ఇంట్లో గది తలుపులు మూసి సాంబ్రాణి వేస్తే పెంకు సందులోంచి కూడా దారి వెతుక్కుంటుంది, బండి కింద వేసి చూడండి అంది. అని మళ్లీ తనే నాలుక కరుచుకుంది. మైల కదా, ధూపం వేయరాదు. దేవుడికి కాదు కదా బండికే కదా అని నేనన్నాను, ఆమె ఒప్పుకోలేదు. మిస్త్రీ నవ్వి, "మీ ఇంట్ల ముట్టుడైతే మా ఇంట్ల లోబాన్ ఉంది, భాభీ," అని పక్కనే ఉన్న తన ఇంటికి కేకేశాడు. వాళ్లావిడ పరదా వెనక నుంచి లోబాన్ గిన్నె, నిప్పులు అందించింది. మన సాంబ్రాణే వాళ్ల లోబాన్. పెట్రోలు బండి కింద నిప్పంటే ఆటలా? ఇంజను చల్లారేదాకా ఆగి, ట్యాంకుకు దూరంగా రేకు పరిచి, పక్కన తడి ఇసుక పెట్టుకుని గాని మిస్త్రీ గిన్నె కింద పెట్టలేదు.

నేను, అత్త క్యాబినులో తలుపులు బిగించుకుని కూర్చున్నాం. ముందు చెక్క వైపు చూశాం, ఏమీ లేదు. బ్రేకు దగ్గర చూశాం, లేదు. ఇంతలో గొంగడి అంచు కింద నుంచి తెల్లగా ఒక తీగ లేచింది, ఆ వెంటనే ఇంకొకటి. అత్త గొంగడి చప్పున లాగేసింది. గేరు రాడ్డు చుట్టూ ఉండే తోలు సంచి నిలువునా చిరిగి ఉంది, అందులోంచి బుసబుసమని పొగ లోపలికి వస్తోంది. చలికాలం కాళ్లకు కొడుతోందన్న గాలి దారి అదే. అత్త గొంగడి ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చుంది. "కన్నం మీద గొంగడి నేనే కప్పిన. వాసన మీద సాంబ్రాణి నేనే ఏసిన. మల్ల నోరు వాసన జూసింది గూడ నేనే గదనే," అని భోరున ఏడ్చింది. మామ కిటికీ బయట నిలబడి అంతా విన్నాడు. దగ్గరికి వస్తాడనుకున్నాను. "చాలు, దిగుండ్రి, కండ్లు మండుతయ్," అని పక్కకు వెళ్లిపోయాడు. అంత సులువుగా పోయే నొప్పి కాదది.

మిస్త్రీ కొత్త ప్యాకింగు కోయడానికి కత్తెర తీస్తుంటే అత్త కళ్లు తుడుచుకుని, "అన్నా, ఆగు. ఇప్పుడే బాగు జేయకు," అంది. బండి అట్లాగే గంజ్‌కు తోలమంది. అద్దాలు దించుకుని పోయాం, మిస్త్రీ కూడా ఏమవుతుందోనని ఫుట్‌బోర్డు మీద నిలబడి వచ్చాడు. మా ఇళ్ల ఆడవాళ్లు గంజ్‌లో అడుగుపెట్టడమే తక్కువ, అట్లాంటిది అత్త కొంగు నెత్తి మీదికి లాక్కుని నేరుగా సావుకారు దుకాణం ముందుకు పోయి నిలబడింది. హమాలీలు బస్తాలు భుజాల మీదే పెట్టుకుని ఆగిపోయారు. "మునీంసాబ్, జర బండ్ల ఎక్కి కూసోండ్రి. అద్దాలు ఏసుకోండ్రి. ఇంజను నడుస్తనే ఉంటది," అంది. మునీం గింజుకున్నాడు. మెట్ల మీద నిలబడ్డ సావుకారు మీసాల్లో నవ్వుకుంటూ ఎక్కమని చెయ్యి చూపాడు. ఇక తప్పదు కదా, ఎక్కాడు. మామ హ్యాండిలు తిప్పాడు, మిస్త్రీ తలుపు పిడి మీద చెయ్యి వేసి, లోపలి మనిషి ముఖం మీద నుంచి చూపు తిప్పకుండా నిలబడ్డాడు. మునీం పరువు కోసం కాసేపు బిగబట్టుకుని కూర్చున్నాడు. తర్వాత దగ్గాడు, టోపీ తీసి విసురుకున్నాడు, చివరికి అద్దం మీద దబదబా కొట్టాడు. దిగేటప్పుడు కళ్లు ఎర్రగా, కాలు ఫుట్‌బోర్డుకు అందక ముందుకు తూలితే ఒక హమాలీ పట్టుకున్నాడు.

"అయ్యో, ఏం తాగిన్రు మునీంసాబ్?" అంది అత్త.

గంజ్ గంజంతా గొల్లుమంది. తక్కెడ దగ్గరున్నవాళ్లు తక్కెడ వదిలేసి నవ్వారు. సావుకారు కూడా నవ్వాడు గాని, తర్వాత మెట్లు దిగి వచ్చి అందరి ముందర మామ భుజం మీద చెయ్యి వేశాడు. ఆ సాయంత్రమే ప్యాకింగు మారింది, తోలు సంచి మారింది. మా నాయన రాజీనామా మాట మళ్లీ ఎత్తలేదు. ఎత్తితే నేనూ ఆయన్ని ఆ క్యాబినులో కూర్చోబెట్టేదాన్ని.

మామ మాత్రం ఇంట్లో ఇంకా ముభావంగానే ఉన్నాడు. మైల తీరింది, ఇల్లు కడిగి దీపం పెట్టారు. మర్నాడు పొద్దున అత్త అలవాటుగా ధూపం పట్టుకుని గడప దాకా వచ్చింది. మామ తల అడ్డంగా ఊపి, "దేవునికి వెయ్యి. బండికి వద్దు," అన్నాడు. అత్త ధూపం లోపల పెట్టి ఉత్త చేతులతో వచ్చి, క్యాబిను ఎక్కి రెండు తలుపులూ మూసుకుంది. ఏం చేస్తోందో మామకు ముందు అర్థం కాలేదు. తర్వాత బండి ముందుకు పోయి హ్యాండిలు తిప్పి, అక్కడే నిలబడ్డాడు. ముందు అద్దానికి అవతల ఆయన, ఇవతల కొంగు తీసి ముక్కు పైకెత్తి వాసన చూస్తూ కూర్చున్న ఆమె. ఇద్దరూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోయారు. కాసేపటికి అత్త దిగి, "ఏం లేదు, పో," అంది. మామ ముఖంలో అప్పుడు కనిపించింది నవ్వు.

అప్పటి నుంచి అదే ఆనవాయితీ. రాష్ట్రం పేరు మారింది, ఆ పాత లారీ పోయి తాళం తిప్పితే లేచే కొత్త లారీ వచ్చింది, నేను పెళ్లి చేసుకుని వేరే బడికి బదిలీ అయ్యాను. అత్త మాత్రం రోజూ ముందు తనెక్కి వాసన చూసి, ఏం లేదు పో అన్న తర్వాతే మామ స్టీరింగు పట్టేవాడు. సాయంత్రం ఇల్లు చేరినాక కావాలని గడపలో నిలబడి, ఆ అని నోరు పెద్దగా తెరిచేవాడు, ఆమె కొంగుతో కొట్టేది. ఇద్దరూ పోయి చాలా కాలమైంది. ఆ దారిలో ఇప్పుడు లారీలు ఎన్ని పోతాయో, ఒక్కదాని డ్రైవరూ నాకు తెలియదు.

ఆ రోజు కారులో చెప్పలేకపోయిన ఈ కథంతా తీరిగ్గా సాయంత్రం మా తమ్ముడి కూతురికి చెప్పాను. అది నవ్వుతూ వింది, మధ్యలో నవ్వడం మానేసింది. మర్నాడు పొద్దున భాల్కీకి పోతూ మా గేటు ముందు హారను కొట్టింది. బయటికి వస్తే కారు ఖాళీగా ఉంది, మల్లెపూల సీసా లేదు, ఇంజను సన్నగా నడుస్తోంది, అది మాత్రం కారు ముందర చేతులు కట్టుకుని నిలబడి ఉంది. "ఎక్కి జూడత్తా," అంది. ఎక్కి తలుపు మూసుకున్నాను. కొత్త రెగ్జిను వాసన తప్ప ఏమీ లేదు. ఇప్పటి బండ్లకు ఏ జబ్బు చేసినా ముందర దీపాలు వెలిగి చెప్తాయట, మనిషి ముక్కుతో పనిలేదట. మంచిదే, ఎవరికీ మా మామకు వచ్చిన కష్టం రాకూడదు. కాని మనం బయల్దేరేముందు మన కోసం ఒకరు ఎక్కి కూర్చుని ఊపిరి పీల్చి చూసే రోజులు పోయాయి కదా అనిపించి, అద్దంలోంచి దాన్ని చూస్తుంటే కళ్లు తడిశాయి. తుడుచుకుని దిగాను.

"ఏం లేదు, పో," అన్నాను.